ఒక ఆవు, పది గొంతులు: జర్మన్ ‘కూ’ ఊరు మారితే ఎందుకు మారుతుంది?

“రైతులు ఐదు ఎడ్లను, తొమ్మిది ఆవులను, పన్నెండు బుల్లి గొర్రెలను ఊరి ముందుకు తోలుకొచ్చారు, అమ్ముకుందామని.” 19వ శతాబ్దం చివర్లో జర్మనీ నలుమూలల ఉన్న బళ్లకు వెళ్లిన ఒక ఫారంలో ఇది 37వ వాక్యం. మొత్తం 40 వాక్యాలు. మీ ఊళ్లో ఈ మాటలు ఎలా అంటారో అలాగే రాసి పంపండి అని టీచర్లను అడిగారు. 1876లో రైన్ నది ప్రాంతంలో ఈ పని మొదలుపెట్టిన గియోర్గ్ వెంకర్‌కు చివరికి 40,000కు పైగా ఊళ్ల నుంచి జవాబులు వచ్చాయి. వాటితో మార్బుర్గ్‌లో తయారైన పటాలే జర్మన్ మాండలికాల మొదటి పెద్ద అట్లాసు. ఆ వాక్యంలో ప్రతి మాటా ఒక ఎర. ‘బుల్లి గొర్రె’ అని ముద్దుగా అనడానికి ఏ ఊళ్లో ఏ ప్రత్యయం వాడతారో అది చెబుతుంది. ‘ఆవులు’ అన్న మాట దగ్గర మాత్రం ఎన్నో మార్పుల గుర్తులు ఒకేచోట దొరుకుతాయి.

పుస్తకంలో జర్మన్ నేర్చుకున్నవాళ్లకు ఆవు అంటే ‘కూ’. మ్యూనిక్ చుట్టుపక్కల పల్లెలకు వెళ్తే అది ‘కూఅ’ అవుతుంది. జూరిక్‌లో ‘ఖూఅ’, కొలోన్‌లో ‘కో’, బాల్టిక్ తీరాన మెక్లెన్‌బుర్గ్‌లో ‘కౌ’. చదువుకో ఉద్యోగానికో జర్మనీ చేరే తెలుగువాళ్లకు ఇది మొదటి చిక్కు. రెండోది ఇక్కడ ఇంటర్నెట్‌లో తరచూ కనిపించే వాదం: జర్మన్ కూ, ఇంగ్లిష్ కౌ రెండూ సంస్కృత ‘గో’ నుంచి పుట్టాయని. రెండు చిక్కులకూ సమాధానం ఒకే దారిలో ఉంది.

క్లుప్తంగా

గోవు, కూ తల్లీబిడ్డలు కావు, దాయాదులు. రెండింటికీ మూలం అంతకంటే పాత మాట. జర్మన్ నేల మీద ఆ మాట హల్లు ఒక దారిన, అచ్చు ఇంకో దారిన, బహువచనం మరో దారిన మారాయి. పల్లె రూపాలు పుస్తకపు ‘కూ’ చెడిపోగా మిగిలినవి కావు. అచ్చు మటుకు చూస్తే చాలాచోట్ల పల్లె మాటే పాతది.

గోవుతో చుట్టరికం, ఆవుతో కాదు

తెలుగులో ఆవు, గోవు పక్కపక్కనే తిరుగుతాయి. వినడానికి ఒకే మాటకు రెండు రూపాల్లా ఉంటాయి కూడా. కానీ వాటి మధ్య రక్తసంబంధం లేదు. ‘ఆవు’ ద్రావిడ మాట. తమిళంలో ‘ఆ’, కన్నడంలో ‘ఆవు’ దాని తోబుట్టువులు. ‘గోవు’ సంస్కృతం నుంచి వచ్చి చేరింది. తెలుగు పుట్టుక సంస్కృతంలో లేదని, తమిళ కన్నడాలతో కలిసి అది వేరే కుటుంబమని ఆధారాలతో రాసిన మొదటివారిలో మద్రాసు కలెక్టరు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఒకరు. ఆ రచన 1816లో క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి ముందు అచ్చయింది. అందువల్ల జర్మన్ కూకి చుట్టరికం మన ఇంటికి అరువొచ్చిన గోవుతోనే తప్ప సొంత ఆవుతో కాదు.

ఆ చుట్టరికం ఎలాంటిదో చూడాలి. సంస్కృతం, గ్రీకు, లాటిన్, జర్మానిక్ భాషలకు (జర్మన్, ఇంగ్లిష్, డచ్చి, స్వీడిష్‌ల శాఖ) ఉమ్మడి పూర్వభాష ఒకటి ఉండేది. దానిలో ఎవరూ ఏదీ రాసి పెట్టలేదు. బిడ్డ భాషలను పోల్చి భాషావేత్తలు దాని మాటలను తిరిగి కడతారు. పశువుకు వాళ్లు కట్టిన రూపం దాదాపు ‘గ్వౌస్’. మొదట్లోని ఆ ‘గ్వ’ చాలా కష్టమైన ధ్వని, ఒక్కో శాఖ దాన్ని ఒక్కోలా తేల్చుకుంది. సంస్కృతంలో ‘గ’ మిగిలి గౌః అయింది. పారసీకంలో గావ్, లాట్వియన్‌లో గువ్స్. గ్రీకులో ‘బ’ అయి బూస్ అని నిలిచింది. లాటిన్ ‘బోస్’ కూడా ‘బ’తోనే ఉంది గానీ, లాటిన్ సొంత లెక్క ప్రకారం అక్కడ ‘వ’ రావాలి. అందుకే ఆ మాట పక్కనున్న ఇటలీ భాషల నుంచి రోమన్లు తీసుకున్నదని తేల్చారు. పశువైద్యులు వాడే ‘బోవైన్’, హోటల్ మెనూలోని ‘బీఫ్’ ఈ ‘బ’ శాఖవి. వెన్నకు జర్మన్లు అనే ‘బుట్టర్’ కూడా గ్రీకు ‘బూటూరోన్’ నుంచి లాటిన్ మీదుగా వచ్చిందే. అందులో మొదటి సగం ఆవు, రెండో సగం జున్ను.

జర్మానిక్ శాఖలో పాత ‘గ’ శబ్దాలన్నీ ‘క’ అయ్యాయి. జర్మన్ భాషావేత్త యాకోబ్ గ్రిమ్ 1822లో ఈ మార్పుల వరసను నియమంగా కూర్చారు కాబట్టి ఆయన పేరే దానికి నిలిచింది. తెలుగు వ్యాకరణం చదివినవాళ్లకు గసడదవాదేశం గుర్తుంటుంది: వాడు, కొట్టె కలిస్తే ‘వాడు గొట్టె’. అక్కడ ‘క’ ‘గ’ అవుతుంది, అదీ ప్రత్యేకమైన చోట్లలో. గ్రిమ్ చెప్పినది అందుకు ఎదురు దిక్కు, పైగా మాట మాటకూ వర్తించేది. సంస్కృత జాను (మోకాలు) పక్కన జర్మన్ క్నీ. జ్ఞా (తెలియు) పక్కన కెన్నెన్. సంస్కృతంలో ఇవి ‘జ’తో ఉన్నా, మూలంలో గకార జాతివే. ఇదే నియమంలో ఇంకో మెట్టు ‘ప’ ‘ఫ’ కావడం. అందుకే మన ‘పశువు’కు సరిజోడు జర్మన్ ‘ఫీ’, అంటే పశువుల మంద. ఎద్దుకు సంస్కృత నిఘంటువుల్లో ఉన్న ‘ఉక్షన్’కు సరిజోడు ‘ఓక్సె’.

ఒక్క జత చూసి చుట్టరికం తేల్చకూడదు. గోవుకూ కూకీ మధ్య ఉన్న తేడా, జానువుకూ క్నీకీ మధ్య ఉన్న తేడా ఒకే లెక్కలో నడుస్తున్నాయి. నమ్మకం ఆ లెక్క వల్ల వస్తుంది, చెవికి ఒకేలా వినబడటం వల్ల కాదు. సంస్కృతమే తల్లి అయితే గ్రీకు ‘బ’ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేం. సంస్కృత ‘గ’లో పెదవుల జాడ లేదు, మూల ‘గ్వ’లో ఉంది, గ్రీకు ‘బ’ పుట్టింది ఆ జాడ నుంచే.

ఈ గోవు తెలుగులో ఊహించని చోట్ల దాక్కుని ఉంది. ‘గోష్ఠి’ మొదట పశువుల కొట్టానికి సంబంధించిన మాట, కవులు చేరింది తర్వాత. ‘గవేషణ’ అంటే పోయిన ఆవుల్ని వెతకడం. కిటికీకి ‘గవాక్షం’ అని పేరు పెట్టిందీ ఆవు కన్నే. ఆ లెక్కన సాహిత్య గోష్ఠిలో కూర్చున్నవాళ్లకూ జూరిక్ పాలరైతుకూ దూరపు బంధుత్వం ఉన్నట్టే.

గొంతు గరగర: దక్షిణాదిలో హల్లు

జర్మానిక్ భాషలన్నింటికీ ఉమ్మడిగా జరిగిన మొదటి మార్పు తర్వాత, సుమారు 6 నుంచి 8 శతాబ్దాల మధ్య, దక్షిణ ప్రాంతాల్లో రెండోసారి హల్లులు కదిలాయి. ఉత్తరాన ‘మాకెన్’ (చేయడం) అలాగే ఉండిపోగా దక్షిణాన ‘మాఖెన్’ అయింది. ఈ అల ఆల్ప్స్ దగ్గర చాలా బలంగా ఉండి, ఉత్తరానికి పోయేకొద్దీ పలచబడింది. మాట మధ్యలో, చివర్లో ఉన్న ‘క’ చాలా దూరం దాకా మారింది. మాట మొదట్లోని ‘క’ మాత్రం దక్షిణపు కొసన తప్ప ఎక్కడా మారలేదు. పుస్తక జర్మన్‌లో ‘కూ’ కకారం నిలిచింది అందుకే.

ఆ దక్షిణపు కొస అంటే జర్మన్ మాట్లాడే స్విట్జర్లాండ్‌లో చాలా భాగం, జర్మనీ నైరుతి మూలన చిన్న ముక్క, ఆస్ట్రియా పడమటి కొస. అక్కడ మొదటి ‘క’ గొంతు గీరుకున్నట్టు పలికే ‘ఖ’ అవుతుంది. తెలుగు ‘ఖ’లా ఒత్తు కాదు, ఉర్దూ ‘ఖబర్’లో మొదటి ధ్వనికి దగ్గర. ఆవు ‘ఖూఅ’, పిల్లవాడు ‘ఖిండ్’, జున్ను ‘ఖేస్’. వంటింటి అల్మారాకు వాళ్లనే ‘ఖుఖిఖేష్ట్‌లి’ అన్న మాటను విదేశీయుల చేత పలికించి నవ్వుకోవడం స్విస్‌లో పాత సరదా. ఆల్ప్స్‌లోని టిరోల్‌లో ‘క’, ‘ఖ’ రెండూ అతుక్కుని ‘క్ఖూఅ’లా వినిపిస్తుంది. స్విస్ అంతా ఒకటే అనుకోవడమూ పొరపాటే. బాసెల్ నగరపు పాత మాండలికంలో, తూర్పున కూర్ పట్టణంలో ‘క’ గీర లేకుండానే ఉంటుంది. ‘కిండ్’ అనేవాళ్లకూ ‘ఖిండ్’ అనేవాళ్లకూ మధ్య పటం మీద గీసిన గీత మాండలిక శాస్త్రంలో పేరున్న సరిహద్దు. ఆవు కూడా ఆ గీత మీదే అటూ ఇటూ అవుతుంది.

కో, కూఅ, కూ: పాతది ఏది?

హల్లు కథ సులువు. అచ్చు దగ్గరే పుస్తకం చదివినవాళ్లు బోల్తా పడతారు.

జర్మనీ, నెదర్లాండ్స్ వైపు పాత జర్మానిక్ రూపంలో అచ్చు దీర్ఘ ‘ఓ’: ‘కో’. ఉత్తర జర్మనీ మైదానాల పాత సాక్సన్ భాషలో అలాగే రాసి ఉంది. ఆ నేల మీది నేటి ‘లో జర్మన్’ (పల్లపు నేల జర్మన్) మాట్లాడే చాలా ఊళ్లలో ఇప్పటికీ ‘కో’ అంటారు. అంటే వెయ్యేళ్ల పైబడి ఆ అచ్చు కదల్లేదు.

దక్షిణాన, మధ్యభాగంలో 8, 9 శతాబ్దాల్లో ఈ ‘ఓ’ రెండుగా చీలింది: ‘కుఓ’. పాత ‘హై జర్మన్’ (దక్షిణపు ఎత్తు నేల జర్మన్) రాతల్లో కనిపించేది ఈ రూపమే. బవేరియా (మ్యూనిక్ ఉన్న రాష్ట్రం), ఆస్ట్రియా, స్వాబియా (జర్మనీ నైరుతి ప్రాంతం), స్విస్ ప్రాంతాలు ఆ జంట అచ్చును నేటికీ వదల్లేదు. ‘కూఅ’, ‘ఖూఅ’లలో చివర వినబడే చిన్న ‘అ’ దాని శేషం. ఆ తర్వాత మధ్య జర్మనీలో జంట అచ్చు మళ్లీ ఒకటిగా కలిసిపోయి ‘కూ’ అయింది. ఈ కలయిక 11, 12 శతాబ్దాల్లో మొదలై నెమ్మదిగా వ్యాపించింది. తూర్పు మధ్య ప్రాంతపు రాత భాష, బైబిల్‌ను జర్మన్‌లోకి తెచ్చిన లూథర్ కాలం నుంచి దేశమంతటికీ ఒరవడి అవుతూ వచ్చింది కాబట్టి ఆ ప్రాంతపు ‘కూ’ ప్రామాణిక రూపమై కూర్చుంది. క్రమం చూస్తే ఉత్తరాది ‘కో’ అన్నింటికంటే పాతది, బవేరియా ‘కూఅ’ నడిమిది, పుస్తకంలోని ‘కూ’ అందరికంటే చిన్నది. మ్యూనిక్ పల్లెలో ‘కూఅ’ అంటున్న ముసలాయన భాష పాడుచేస్తున్నాడని బెర్లిన్‌లో చదువుకున్నవారు అనుకుంటే, చరిత్ర ముసలాయన పక్షమే.

రాతలో కూ చివర ఒక ‘హెచ్’ కూడా తగిలిస్తారు. అది ఎన్నడూ పలకలేదు, దీర్ఘానికి గుర్తుగా పెట్టిన అక్షరం అంతే. చెప్పుకు జర్మన్ మాట ‘షూ’ చివరి హెచ్ మాత్రం ఒకప్పుడు నిజంగా పలికినది. రాతలో రెండూ ఒకేలా కనబడతాయి, చరిత్రలు వేరు.

కొలోన్ ‘కో’ని చూసి అదీ ఉత్తరాదిలా కదలని పాత రూపమే అనుకుంటే పప్పులో కాలేసినట్టే. అక్కడి మాండలికంలో ఒకసారి చీలిన అచ్చు మళ్లీ కలిసేటప్పుడు ‘ఊ’ వైపు కాకుండా ‘ఓ’ వైపు కలిసింది. బయలుదేరిన ఇంటికే చుట్టూ తిరిగి వచ్చినట్టు. ఇరుగుపొరుగు లక్సెంబుర్గ్‌లో అది ‘కోఉ’. 1984 చట్టంతో జాతీయ భాష హోదా వచ్చినందువల్ల లక్సెంబుర్గిష్‌ను ఇప్పుడెవరూ మాండలికం అనరు. ఆవు దృష్టిలో తేడా ఏమీ లేదు.

మెక్లెన్‌బుర్గ్ ‘కౌ’ ఇంకా తమాషా. అక్కడ పాత ‘ఓ’ విడిపోయి ‘ఔ’ అయింది. వినడానికి అచ్చం ఇంగ్లిష్ ‘కౌ’. కానీ ఇంగ్లిష్ దారి వేరు. బ్రిటన్, స్కాండినేవియా వైపు నిలిచిన పాత రూపంలో అచ్చు ‘ఊ’, అంటే ‘కూ’. ఇంగ్లిష్‌లో 15వ శతాబ్దం నుంచి దీర్ఘాచ్చులు మూకుమ్మడిగా స్థానాలు మార్చుకున్నప్పుడు ఆ ‘ఊ’ ‘ఔ’ అయింది. ఆ మార్పు అంటని స్కాట్‌లాండ్‌లో ఇప్పటికీ ‘కూ’ అంటారు. కాబట్టి స్కాట్ ‘కూ’, జర్మన్ ‘కూ’ ఒకేలా ఉన్నా ఒక దారిన రాలేదు. మెక్లెన్‌బుర్గ్ ‘కౌ’, లండన్ ‘కౌ’ కూడా అంతే. స్వీడన్‌వాళ్లు రాతలో ‘కో’ అని రాసి ‘కూ’ అని పలుకుతారు. డచ్చివాళ్లు ఓ, ఈ (o, e) అక్షరాలు కలిపి రాసి ‘కూ’ అనే అంటారు. శబ్దం కలిసింది కాబట్టి చరిత్రా కలిసిందని తీర్మానించే పద్ధతి ఎక్కడ దెబ్బతింటుందో చెప్పడానికి ఇంతకంటే మంచి మాట దొరకదు.

బహువచనం: కత్తి, కత్తులు పద్ధతిలో

ఒక ఆవు కూ, రెండైతే ‘క్యూఎ’. ఆ మధ్య అచ్చు తెలుగులో లేదు. ‘ఊ’ అనడానికి పెదవులు సున్నాలా చుట్టి, నాలుకను ‘ఈ’ దగ్గర ఉంచితే వచ్చే ధ్వని అది. ఈ మార్పు ఎందుకు వచ్చిందో తెలుగువాళ్లకు చెప్పడం తేలిక. కత్తికి బహువచనం కత్తులు, మనిషికి మనుషులు. ‘లు’లోని ఉకారం ముందున్న ఇకారాన్ని తనవైపు లాక్కుంటుంది. పాత జర్మన్‌లో ఆవుకు బహువచనం ‘కుఓఇ’. అక్కడ చివరి ‘ఇ’ ముందున్న అచ్చును తనవైపు లాగింది. పని అదే, దిక్కు ఎదురు. తేడా ఏమిటంటే, తెలుగులో లాగిన ‘లు’ కళ్లెదుటే ఉంది. జర్మన్‌లో లాగిన ‘ఇ’ నీరసించి ‘ఎ’ అయిపోయింది, మారిన అచ్చు మాత్రం మిగిలింది.

మాండలికాలు ఇక్కడ మరో అడుగు వేశాయి. బవేరియా, స్వాబియా, రైన్ పక్కనున్న పాలటినేట్ నోళ్లకు చుట్టిన పెదవుల అచ్చులు నచ్చవు. వాటిని సాగదీసి ‘ఇ’ చేసేస్తాయి. అలా బవేరియాలో కూఅ, కీఅ. పాలటినేట్‌లో కూ, కీ. 18వ శతాబ్దంలో ఆ పాలటినేట్ వైపు నుంచి అమెరికా వలస వెళ్లినవాళ్ల వారసులు పెన్సిల్వేనియాలో నేటికీ కూ, కీ అనే అంటారు. అక్కడి ఆమిష్ (పాత పద్ధతుల్లో బతికే క్రైస్తవ శాఖ) రైతు ఇళ్లల్లో ఈ భాష పిల్లలకు మొదటి భాష. యూరప్ యూదుల భాష యిడ్డిష్‌లోనూ కు, కి.

ఇప్పుడు ఫ్రాన్స్‌లో ఉన్న ఆల్సాస్‌లో కథ అడ్డం తిరుగుతుంది. అక్కడ అసలు ‘ఉ’ అచ్చే ముందుకు జరిగి ‘క్యూఎ’ అయింది. అంటే ప్రామాణిక జర్మన్ చెవికి రెండు ఆవులుగా వినబడేది ఆల్సాస్‌లో ఒక్కటే ఆవు. మరి బహువచనం? అది అప్పటికే ‘కీ’కి తప్పుకుంది. బస్సులో వెనకవాళ్లు తోస్తే ముందువాళ్లు జరిగినట్టు అచ్చులు సర్దుకున్నాయి, తేడా మాత్రం చెక్కుచెదరలేదు. భాష మారుతున్నా మాటల మధ్య గందరగోళం రాకపోవడానికి ఇలాంటి సర్దుబాట్లే కారణం.

ఇంగ్లిష్‌లో ఒకప్పుడు ఇదే పద్ధతి ఉండేది. స్కాట్‌లాండ్‌లో ‘కూ’కి బహువచనం ఇంకా ‘కై’. ఆ బహువచనం మీద ఇంకో బహువచన ప్రత్యయం తగిలించి ‘కైన్’ అని పాత ఇంగ్లిష్ బైబిల్లో వాడారు. రాతలో చూస్తే ‘కౌ’కీ ‘కైన్’కీ ఒక్క అక్షరం కలవదు. డచ్చి నుంచి పుట్టిన దక్షిణాఫ్రికా భాష ఆఫ్రికాన్స్‌లో ఒకే ఆవును ‘కూయ్’ అంటారు; డచ్చి బహువచనం ‘కూయెన్’లో వినబడే యకారం ఆ ఏకవచనంలోనూ ఉంది.

ఏ ఆవును కూ అంటారు?

మూల భాషలోని మాట ఆడా మగా రెండింటికీ చెల్లేది. సంస్కృత గో, గ్రీకు బూస్ కూడా అంతే. జర్మానిక్ భాషల్లో అది ఆడదానికి పరిమితమైంది. నేటి రైతు భాషలో అయితే ఈనిన తర్వాతే కూ. ఈనని పెయ్యకు ఉత్తరాన ‘స్టెర్కె’, ప్రామాణికంగా ‘ఫేర్జె’, ఆస్ట్రియా వైపు ‘కాల్బిన్’. మొత్తం జాతికి జర్మన్ పేరు ‘రిండ్’. స్విట్జర్లాండ్‌లో మాత్రం రిండ్ అంటే పెయ్య అని కూడా. ఆంబోతుకు ఉత్తరాన ‘బుల్లె’, దక్షిణాన ‘ష్టీర్’. స్విస్ జర్మన్‌లో దానికి ‘ముని’ అని పేరు. అక్కడి సంప్రదాయ కుస్తీ పోటీల్లో గెలిచినవాడికి బహుమతిగా ‘ముని’ని ఇస్తారని చదివిన తెలుగువాళ్లు ఒక్క క్షణం ఆగిపోతారు. మన మునికీ దానికీ సంబంధం లేదు. స్విస్‌వాళ్లు వెన్నకు అనే ‘ఆంకె’కు మాత్రం మన ‘అంజనం’తో నిజంగానే చుట్టరికం ఉంది, రెండింటి మూలార్థం పూయడం, రాయడం.

రాజకీయాల్లో పార్టీల మధ్య జరిగే చీకటి బేరాలకు జర్మన్ పత్రికలు వాడే మాట ‘కూహాండెల్’, ఆవుల బేరం. చిక్కుముడిలో ఉన్న పనిని గట్టెక్కించడం ‘ఆవును మంచు మీంచి దించడం’. చెప్పనలవి కాని విషయం ‘ఏ ఆవు తోలు మీదా పట్టదు’. తోలు మీద రాసుకునే కాలం నాటి మాట అది. 15వ శతాబ్దంలో పొరుగు జర్మన్లు స్విస్‌లను ‘కూష్వైట్సర్’, ఆవు స్విస్‌లు, అని తిట్టేవారు. స్విస్‌లు వాళ్లను పంది స్వాబియన్లు అనేవారు. 1499 స్వాబియన్ యుద్ధానికి ముందు ఈ తిట్లు సరిహద్దులో వేడి పెంచాయి.

మాట ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ జారుతుంది

ఈ రూపాలన్నింటి భవిష్యత్తు ఒకలా లేదు. జర్మన్ మాట్లాడే స్విట్జర్లాండ్‌లో డాక్టరైనా బ్యాంకు మేనేజరైనా ఇంట్లో, ఆఫీసులో మాండలికమే మాట్లాడతారు కాబట్టి ‘ఖూఅ’కు ఇప్పట్లో ఢోకా లేదు. ఉత్తర జర్మనీలో పరిస్థితి తిరగబడింది. అక్కడ లో జర్మన్ ముసలివాళ్ల భాషగా మారుతూ వచ్చింది. 1999 నుంచి యూరప్ ప్రాంతీయ భాషల ఒడంబడిక కింద దానికి జర్మనీలో రక్షణ ఉంది, కొన్ని బళ్లలో నేర్పుతున్నారు కూడా. అయితే బళ్లో నేర్చిన మాటకూ కొట్టంలో విన్న మాటకూ తేడా ఉంటుంది. ఊరికి పది ఇళ్లలో ఆవులున్నప్పుడు పెయ్యకు, చూడి ఆవుకు, ఒట్టిపోయిన ఆవుకు వేర్వేరు మాటలు రోజూ నలుగుతాయి. వందల పశువులున్న డెయిరీలో వాటికి చెవి ట్యాగు మీది నంబరు చాలు.

ఆఫీసు భాష ఎక్కడైనా జాతి పేరునే ఎంచుకుంటుంది. మన దగ్గర ఆవైనా గేదైనా పశుసంవర్ధక శాఖ లెక్కలో పశువే; జర్మనీలో కాగితం ఎక్కగానే కూ కాస్తా రిండ్ అవుతుంది. పశుమాంసం లేబుళ్ల తనిఖీ బాధ్యత ఎవరిదో చెబుతూ 1999లో ఒక రాష్ట్రం చేసిన చట్టం పేరు 63 అక్షరాల ఒకే మాట. 2013లో దాన్ని రద్దు చేసేదాకా జర్మన్‌లో అతి పొడవైన మాటల్లో ఒకటిగా దాన్ని చెప్పుకునేవారు. ఆ పేరు మొదలయ్యేది రిండ్‌తో. చట్టం చేసింది, పల్లెల్లో ఆవును ‘కౌ’ అనే మెక్లెన్‌బుర్గ్ ఉన్న రాష్ట్రం.